హార్డ్ రాక్ బ్యాండు డిస్కో పాట కట్టే పద్ధతి

న్యూయార్కుకు చెందిన కిస్ బ్యాండు 1979 మే నెలలో 'డైనాస్టీ' ఆల్బమ్‌ను విడుదల చేసింది. ముఖాలకు నలుపు తెలుపు రంగులు పూసుకుని, వేదిక మీద మంటలు ఊదుతూ, చెవులు గింగురుమనేలా గిటార్లు వాయించే ఆ నలుగురి నుంచి ఎవరూ ఎదురుచూడని పాట ఒకటి ఆ ఆల్బమ్‌లో అన్నిటికంటే ముందు వినిపించింది. 'ఐ వాజ్ మేడ్ ఫర్ లవింగ్ యు' అనే ఆ పాట అచ్చమైన డిస్కో నడకలో సాగుతుంది. అది అమెరికాలో బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 11వ స్థానం వరకు వెళ్లింది, నెదర్లాండ్స్‌లో మొదటి స్థానంలో నిలిచింది. బ్యాండు పాత అభిమానుల్లో చాలామందికి మాత్రం అది మింగుడుపడలేదు. బేస్ వాయించే జీన్ సిమన్స్ కూడా ఆ పాట తనకు నచ్చదని తర్వాత పలుమార్లు చెప్పారు. అయినా ఆ బ్యాండు కచేరీల్లో అది దశాబ్దాల పాటు నిలిచింది.

గట్టి రాక్ వాయించే బ్యాండు ఒకటి డిస్కో వైపు అడుగు వేయాలనుకుంటే ఏం చేయాలో ఆ పాటను ముందు పెట్టుకుని చెబుతాను. చాలామంది గిటారు శబ్దాన్ని మార్చడంతో పని మొదలుపెడతారు, నా లెక్కలో అది తప్పు. ముందు మారవలసింది డ్రమ్స్, ఆ తర్వాత బేస్. గిటారు చేయవలసిందల్లా ఆ రెండింటికీ చోటు ఇవ్వడం. గాయకుడి గొంతు, పల్లవిలోని బరువు, అంటే బ్యాండుకు సొంతమైన గుర్తు, ఎక్కడిదక్కడే ఉండాలి.

కిస్ ఆ పాటను ఎలా తయారు చేసుకుందో కొంచెం చూస్తే ఈ మాట స్పష్టమవుతుంది. ఆ బ్యాండు పాటలు వెలువరించిన కాసాబ్లాంకా సంస్థే డోనా సమ్మర్ పాటలనూ, విలేజ్ పీపుల్ పాటలనూ వెలువరించేది. అంటే డిస్కో వాళ్లకు పొరుగింటి సంగీతమే. గాయకుడు, గిటారిస్టు పాల్ స్టాన్లీ న్యూయార్కులోని స్టూడియో 54 వంటి నృత్య క్లబ్బులకు వెళ్లి, అక్కడ మోగే పాటల నడకను గమనించి, తానూ అలాంటి పాట ఒకటి రాయగలనన్న పట్టుదలతో కూర్చున్నారు. డెస్మండ్ చైల్డ్, నిర్మాత విని పాన్సియా ఆయనతో కలిసి రాశారు. అసలు సంగతి ఏమిటంటే, రికార్డింగులో డ్రమ్స్ వాయించినది బ్యాండు డ్రమ్మర్ పీటర్ క్రిస్ కాదు, బయటి నుంచి వచ్చిన ఆంటన్ ఫిగ్. పాట నడక డ్రమ్మర్ చేతిలో ఉంటుంది కాబట్టి మీ పని కూడా అక్కడే మొదలవ్వాలి.

ముందు పాటను ఎంచుకోండి

ప్రతి రాక్ పాటా డిస్కోకు ఒదగదు. ఒక చిన్న పరీక్ష చేయండి. వాయిద్యాలన్నీ పక్కన పెట్టి, గాయకుడు పాట పాడుతుండగా మిగిలినవారు ప్రతి దెబ్బకూ సమంగా చప్పట్లు కొట్టండి. ఆ చప్పట్ల మీద పాట నిలబడితే అది పనికివస్తుంది. ఆగి ఆగి నడిచే రిఫ్ (మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే గిటారు స్వరాల ముక్క) లేకపోతే పాటే లేదనిపిస్తే దానిని రాక్ పాటగానే ఉంచేయడం మంచిది. రాక్ వైపు నుంచి డిస్కో నడకలోకి వెళ్లి గెలిచిన పాటల్లో మైనర్ స్కేలులో, అంటే కాస్త దిగులుగా వినిపించే స్వరాల వరుసలో కట్టినవి ఎక్కువగా కనిపిస్తాయి. కిస్ పాట ఇ మైనర్‌లో ఉంది, రోలింగ్ స్టోన్స్ 1978లో చేసిన 'మిస్ యు' ఎ మైనర్‌లో ఉంది, పింక్ ఫ్లాయిడ్ 1979లో చేసిన 'అనదర్ బ్రిక్ ఇన్ ది వాల్' రెండో భాగం డి మైనర్‌లో ఉంది. కాలు ఆడమంటుంటే స్వరం మాత్రం దిగులుగా వినిపించడం వల్ల రాక్ గొంతులోని గరుకుతనం అక్కడ చక్కగా అతుకుతుందని నా అభిప్రాయం.

వేగం విషయంలో ఒకే అంకెకు కట్టుబడనక్కర్లేదు. కిస్ పాట నిమిషానికి సుమారు 128 దెబ్బల వేగంతో పరుగెడుతుంది. 'మిస్ యు' దాదాపు 110 దగ్గర, పింక్ ఫ్లాయిడ్ పాట 104 దగ్గర తాపీగా నడుస్తాయి. మీ గాయకుడు చరణంలోని మాటలను ఊపిరి అందక తొందరపడకుండా పలకగలిగిన వేగమే మీ వేగం.

డ్రమ్స్: ఎక్కువ సమయం ఇవ్వవలసిన చోటు

రాక్ డ్రమ్మర్ పాదం సాధారణంగా ఒకటో దెబ్బకూ మూడో దెబ్బకూ కిక్ డ్రమ్‌ను, అంటే నేల మీద ఉండే పెద్ద డ్రమ్‌ను మోగిస్తుంది. నడుమ అతనికి తోచిన అలంకారాలు వస్తాయి. డిస్కోలో నాలుగు దెబ్బలకూ కిక్ పడాలి. నాలుగూ ఒకే బలంతో, ఒకే దూరంలో, పాట మొదటి నుంచి చివరి వరకు పడాలి. కర్రతో కొట్టే చురుకైన చిన్న డ్రమ్, స్నేర్, రెండో దెబ్బకూ నాలుగో దెబ్బకూ వస్తుంది, అది రాక్‌లోనూ ఉన్నదే. అసలు తేడా హై-హ్యాట్‌లో, అంటే పాదంతో తెరిచి మూసే జంట పళ్లేల్లో ఉంది. రెండు దెబ్బలకు సరిగ్గా మధ్యలో ఎడమ పాదాన్ని ఎత్తి, రెండు పళ్లేలను కొద్దిగా విడదీసి కర్రతో కొట్టాలి. ఆ వెంటనే వచ్చే దెబ్బకు పాదంతో వాటిని గట్టిగా మూసేయాలి. 'త్స్' మని లేచిన శబ్దం కిక్ పడేసరికి తెగిపోవాలి. ఫిలడెల్ఫియా డ్రమ్మర్ ఎర్ల్ యంగ్ 1970ల ఆరంభంలో స్థిరపరచిన ఈ నడక మీదే ఆ దశాబ్దపు డిస్కో అంతా నిలబడింది.

మాటల్లో ఇది తేలికగానే ఉంటుంది. మేము మొదటిసారి ప్రయత్నించినప్పుడు మా డ్రమ్మర్ మొదటి పల్లవి దాకా చక్కగా వాయించి, పల్లవి రాగానే అలవాటు కొద్దీ క్రాష్ సింబల్ అనే పెద్ద పళ్లెం మీద విరుచుకుపడ్డాడు. ఆ రెండు సెకన్లలో హై-హ్యాట్ ఆగిపోయింది, గదిలో ఊగుతున్న ఇద్దరు మిత్రులూ ఆగిపోయారు. వాళ్లు ఎందుకు ఆగారో వాళ్లకే తెలియదు. ఆ రోజు నుంచి మేము క్రాష్ సింబల్‌ను స్టాండు నుంచి తీసి పక్కన పెట్టి సాధన చేశాం. మీరూ అదే చేయండి. వేగాన్ని టిక్కుటిక్కుమని చెప్పే మెట్రోనోమ్‌ను 100 దగ్గర పెట్టి, ఒక్క రోల్ (గబగబా వరస దెబ్బలు) కూడా వేయకుండా ఐదు నిమిషాలు ఇదే నడకను వాయించమనండి. తర్వాత 110, ఆ తర్వాత 120. ఐదో నిమిషంలో కూడా కిక్ బరువు మొదటి నిమిషంలో ఉన్నట్టే ఉంటే డ్రమ్మర్ సిద్ధమైనట్టు.

తెలుగు డ్రమ్మర్లకు ఇందులో ఒక అనుకూలత ఉంది. 1986లో వచ్చిన 'సింహాసనం' చిత్రానికి సంగీతం కూర్చిన బప్పి లహిరి హిందీలోనూ తెలుగులోనూ ఇచ్చిన పాటలు వింటూ పెరిగిన చెవికి ఈ ఊపు కొత్త కాదు. కొత్తగా నేర్చుకోవలసింది నిగ్రహం ఒక్కటే.

కిక్ డ్రమ్ శబ్దాన్ని కూడా మార్చాలి. పెద్ద హాలులో మోగినట్టు సాగే శబ్దం డిస్కోకు పనికిరాదు, దెబ్బ పడగానే ఆగిపోవాలి. డ్రమ్ లోపల ఒక దుప్పటినో పాత దిండునో ముందు తోలుకు ఆనేలా పెట్టండి. క్వీన్ బ్యాండు 1980లో 'అనదర్ వన్ బైట్స్ ది డస్ట్' రికార్డు చేసినప్పుడు రోజర్ టేలర్ డ్రమ్స్‌లో దుప్పట్లు కూరి వాయించారు. ఆ పాటలో డ్రమ్స్ అంత పొడిగా వినిపించడానికి అదొక కారణం.

బేస్ గిటారు

రాక్‌లో బేస్ తరచు గిటారు రిఫ్‌నే కింది స్థాయిలో అనుసరిస్తుంది. డిస్కోలో అది పాటకు వెన్నెముక. తేలికైన మార్గం అష్టకం, అంటే కింది స్వరాన్నీ దాని పై స్థాయి స్వరాన్నీ మార్చి మార్చి వాయించడం. ఇ మైనర్ పాట అనుకుంటే, ఎ తీగ మీద ఏడో ఫ్రెట్ (మెడ మీది అడ్డ పట్టీ) దగ్గర చూపుడు వేలు, జి తీగ మీద తొమ్మిదో ఫ్రెట్ దగ్గర ఉంగరపు వేలు లేదా చిటికెన వేలు ఉంచండి. కింది స్వరం కిక్‌తో కలిసి పడాలి, పై స్వరం హై-హ్యాట్ తెరుచుకునే క్షణంలో పడాలి. ఈ రెండు జతలూ కుదిరిన క్షణం గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుస్తుంది.

స్వరాన్ని మోగించడం ఎంత ముఖ్యమో ఆపడమూ అంతే ముఖ్యం. ఎడమ చేతి వేలిని ఫ్రెట్ నుంచి పూర్తిగా ఎత్తకుండా ఒత్తిడి మాత్రం సడలిస్తే తీగ మూగబోతుంది. ప్రతి కింది స్వరమూ తర్వాతి పై స్వరానికి ముందే ఆగేలా సాధన చేయండి. అయితే పాటంతా అష్టకాలతోనే నింపేస్తే విసుగు పుడుతుంది. 'మిస్ యు'లో బిల్ వైమన్ వాయించిన బేస్ వినండి. అది పాట పక్కన నడిచే మరో పాటలాగా ఉంటుంది. క్వీన్ పాటలో జాన్ డీకన్ వాయించిన బేస్‌కు న్యూయార్కు డిస్కో బ్యాండు షిక్ పాట 'గుడ్ టైమ్స్' ప్రేరణ. అందులో స్వరాల మధ్య వదిలిన ఖాళీలే వినేవాణ్ని పట్టి ఉంచుతాయి. అంతవరకు చేరాలంటే ముందు అష్టకాలు చేతికి లొంగాలి.

గిటార్లు, గొంతు

డిస్టార్షన్‌ను, అంటే గిటారు శబ్దానికి వచ్చే గరుకు గర్జనను సగానికి తగ్గించండి. నిండు డిస్టార్షన్‌తో మోగించిన పవర్ కార్డ్ (రాక్‌లో వాడే బరువైన రెండు స్వరాల జత) బేస్ ఉండవలసిన చోటును ఆక్రమిస్తుంది, కిక్‌ను కప్పేస్తుంది. రెండు గిటార్లు ఉంటే పని పంచుకోవాలి. మొదటి గిటారు చరణాల్లో సన్నని మూడు తీగల మీదే వాయించాలి. ఇ మైనర్‌కు జి తీగ మీద తొమ్మిది, బి తీగ మీద ఎనిమిది, పై ఇ తీగ మీద ఏడు. కుడి చేయి ప్రతి దెబ్బకూ నాలుగు సార్లు, మన లెక్కలో చెప్పాలంటే చతురశ్ర నడకలో, కిందికీ పైకీ ఆగకుండా కదలాలి. ఎడమ చేయి నొక్కినప్పుడే కార్డ్ మోగుతుంది, సడలించినప్పుడు తీగల గీత శబ్దం మాత్రమే వస్తుంది. రెండో గిటారు చరణాల్లో మౌనంగా ఉండి, పల్లవిలో తన బరువంతా తీసుకుని రావాలి. మీరు రాక్ బ్యాండు అని వినేవారికి తెలిసేది అక్కడే.

పాల్ స్టాన్లీ చరణాన్ని అదిమిన గొంతుతో పాడి పల్లవిలో పైకి లేస్తారు. ఆ ఎత్తుగడను మీ గాయకుడు అలాగే తీసుకోవచ్చు. కీబోర్డు ఉంటే వయొలిన్ల గుంపు లాంటి శబ్దాన్ని పల్లవికి వెనుక సన్నగా వినిపించండి, లేకపోయినా లోటు కాదు.

పాట పొడవు

కిస్ పాట ఆల్బమ్‌లో నాలుగున్నర నిమిషాలే ఉంటుంది, కానీ క్లబ్బుల కోసం 12 అంగుళాల రికార్డు మీద దాదాపు ఎనిమిది నిమిషాల రూపాన్ని కూడా విడుదల చేశారు. పాటను అలా సాగదీసి, నడుమ గొంతునూ గిటార్లనూ తీసేసి డ్రమ్స్, బేస్ మాత్రమే వినిపించి, మళ్లీ ఒక్కొక్కటిగా కలిపే పద్ధతిని న్యూయార్కులో టామ్ మోల్టన్ వంటివారు స్థిరపరిచారు. మీరు రెండో పల్లవి తర్వాత ఎనిమిది ఆవర్తాల (ఒక్కో ఆవర్తానికి నాలుగు దెబ్బలు) పాటు డ్రమ్స్ ఒక్కటే ఉంచండి, మరో ఎనిమిదింటికి బేస్ చేర్చండి, ఆ పైన సన్నని గిటారు చేర్చండి. నిండు బరువుతో పల్లవి తిరిగి వచ్చినప్పుడు గిటారు సోలో ఇచ్చేదానికంటే పెద్ద ఉత్సాహం పుడుతుంది. సోలో తప్పదనుకుంటే ఎనిమిది ఆవర్తాలకు మించకూడదు.

అభిమానుల ముందు

దీనికి కూడా సిద్ధపడాలి. 'డైనాస్టీ' వచ్చిన రెండు నెలలలోపే, 1979 జూలై 12న, షికాగోలోని కమిస్కీ పార్కులో రెండు బేస్‌బాల్ ఆటల నడుమ రేడియో వ్యాఖ్యాత స్టీవ్ డాల్ డిస్కో రికార్డులను పోగేసి పేల్చివేశారు. జనం మైదానంలోకి దూసుకురావడంతో రెండో ఆట జరగనే లేదు. డిస్కో న్యూయార్కు, ఫిలడెల్ఫియా వంటి నగరాల్లో నల్లజాతివారి, లాటిన్ అమెరికన్ల, స్వలింగ సంపర్కుల క్లబ్బుల్లో పెరిగిన సంగీతం. ఆ రోజు కాలినది రికార్డులే అయినా, ఆ కోపం ఆ మనుషుల వైపు కూడా మళ్లిందని అప్పటి నుంచి ఎందరో చెబుతూనే ఉన్నారు. కాబట్టి వెటకారంగా, మెరిసే చొక్కాలు తొడుక్కుని వెక్కిరింపుగా డిస్కో వాయించకండి. ఇష్టం లేకపోతే మానేయండి. ఇష్టం ఉంటే షిక్ బ్యాండు పాటలు నెల రోజులు విని, వాళ్ల గిటారిస్టు నైల్ రాడ్జర్స్ కుడి చేతినీ బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బేస్‌నూ గుర్తుపట్టగలిగాక మొదలుపెట్టండి.

కచేరీలో ఈ పాటను మొదటగానో చివరగానో పెట్టవద్దు. మీ బరువైన పాటలు మూడు నాలుగు అయ్యాక, జనం మీ శబ్దానికి అలవాటు పడ్డాక పెట్టండి. పాట అయిపోగానే చప్పట్ల కోసం ఆగకూడదు. అందరూ ఒక్కసారి ఆపేసినా డ్రమ్మర్ మాత్రం కిక్‌ను అదే వేగంతో మరో నాలుగు ఆవర్తాలు కొనసాగించాలి. ఆ నాలుగు ఆవర్తాల్లో గిటారిస్టులు డిస్టార్షన్‌ను మళ్లీ పూర్తిగా పెంచుకోవాలి, ఐదో ఆవర్తం మొదటి దెబ్బకు తర్వాతి రాక్ పాట రిఫ్ పడాలి. అందుకే ఆ పాట వేగం డిస్కో పాట వేగానికి దగ్గరగా ఉండేలా జాబితా రాసుకునేటప్పుడే చూసుకోండి.