డబుల్స్‌లో అలోలా నైన్‌టేల్స్ మంచును నిలబెట్టుకున్న విధం

పోకెమాన్ స్కార్లెట్ వీడియో గేమ్‌లో, ఇద్దరికిద్దరు తలపడే డబుల్స్‌లో, నా మంచు రకం పోకెమాన్ అలోలా నైన్‌టేల్స్ దిగగానే కురిపించే మంచు, ఎదుట వాన కురిపించే పెలిప్పర్ కూడా మొదటే దిగితే, ఆ క్షణమే వానగా మారిపోయేది. మంచు లేనిదే జట్టును కాపాడే తెర అరోరా వెయిల్ పనిచేయదు, మంచు దాడి బ్లిజార్డ్ గురి 70 శాతానికి పడిపోతుంది. కారణం వేగంలో ఉంది. రెండూ ఒకేసారి దిగితే వేగమైనదాని సామర్థ్యం ముందు పనిచేస్తుంది కాబట్టి, నెమ్మదైనది తరువాత తెచ్చిన వాతావరణమే మిగులుతుంది. నైన్‌టేల్స్ మూల వేగం 109, పెలిప్పర్‌ది 65.

అందుకే వాన జట్టు ఎదురైతే నిప్పు రకం ఇన్సినిరోర్‌ను ముందు పంపి, అది ఫేక్ అవుట్‌తో ఒక ప్రత్యర్థిని ఆపే టర్న్‌లోనే, పక్కనున్న సహచరుడి స్థానంలో నైన్‌టేల్స్‌ను దింపడం మొదలుపెట్టాను. మరుసటి టర్న్‌లో వేసే అరోరా వెయిల్, నైన్‌టేల్స్ దగ్గర లైట్ క్లే అనే వస్తువు ఉన్నందున 5 బదులు 8 టర్న్‌లు నిలిచి, జట్టుపై పడే దెబ్బలను దాదాపు మూడో వంతు తగ్గిస్తుంది. ఆ తరువాత వాన మళ్లీ వచ్చినా ఆ తెర చెదరదు. నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే.

ఫ్రీజ్-డ్రై తప్పక ఉండాలి: నీటి రకంపైనా గట్టిగా తగిలే ఆ మంచు దాడి పెలిప్పర్‌పై నాలుగు రెట్లు పడుతుంది. ఉక్కు దెబ్బ నైన్‌టేల్స్‌కూ నాలుగు రెట్లే కనుక, ఉక్కు రకాలను ఇన్సినిరోర్ నిప్పుకు వదిలి, ఆ టర్న్‌లో నైన్‌టేల్స్‌తో దెబ్బలను అడ్డుకునే ప్రొటెక్ట్ వాడుతున్నాను.