బర్నర్ల కిలోకేలరీల నుంచి గ్యాస్ మీటర్ సైజు: నా అనుభవం

టిఫిన్ సెంటర్‌లో పైపు గ్యాస్. ఒక బర్నర్ వెలిగిస్తే మంట బాగుంటుంది, మూడూ వెలిగిస్తే నీరసపడుతుంది. జెట్లు శుభ్రంగానే ఉన్నాయి.

బర్నర్ల రేటింగ్ ప్లేట్ల మీద ఉన్న ఇన్‌పుట్ (అవి తీసుకునే వేడి) మొత్తం కలిపితే గంటకు 27,500 కిలోకేలరీలు, అంటే 32 కిలోవాట్లు (860తో భాగించాలి). సహజవాయువు నికర ఉష్ణ విలువ (పొగలోని నీటి ఆవిరితో పోయే వేడి తీసేసినది) ఘనపు మీటరుకు సుమారు 8,500 కిలోకేలరీలు. 27,500 ÷ 8,500 = గంటకు 3.24 ఘనపు మీటర్లు. బిగించిన జీ1.6 సైజు మీటర్ గరిష్ఠం గంటకు 2.5 ఘనపు మీటర్లు మాత్రమే! గ్యాస్ కంపెనీ మనిషితో జీ4 పెట్టించాం, దాని గరిష్ఠం 6. మీటర్ మనం ముట్టుకోకూడదు.

తేడా ఎక్కువగా వచ్చేది ఇక్కడే: గీజర్ ప్లేటు మీద ఔట్‌పుట్ రాసి ఉంటే ముందు సామర్థ్యంతో (ఎఫిషియెన్సీతో) భాగించాలి. స్థూల విలువ (ఆ ఆవిరి వేడి కూడా కలిపినది, సుమారు 9,400) వాడితే జవాబు పదో వంతు తగ్గుతుంది. ఎల్‌పీజీకైతే ఈ 8,500 పనికిరాదు, కిలోకు 11,000 తీసుకోండి: ఇదే వంటకు గంటకు 2.5 కిలోలు.

సరిచూడటానికి అన్నీ వెలిగించి 0.1 ఘనపు మీటరుకు సెకన్లు లెక్కపెట్టాలి. 111 రావాలి. కానీ 8,500 అనేది 15 డిగ్రీల దగ్గరి విలువ కాబట్టి, 35 డిగ్రీల ఎండలో, 21 మిల్లీబార్ల గ్యాస్ ఒత్తిడి దగ్గర 106 వస్తుంది. బాగా ఎక్కువ పడితే పైపు సన్నం, లేదా రెగ్యులేటర్ చూడాలి.