నిర్లక్ష్యానికి గురైన చేపల తొట్టె: లక్షణాలు, కారణాలు, పరిష్కారాలు

నెలల తరబడి నీరు మార్చని తొట్టెను చూడగానే చేపలను బకెట్లోకి తీసి, తొట్టెను తళతళలాడేలా తోమి, కొత్త నీరు నింపాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయవద్దు. మురికిలో బతికిన చేపలు ఆ మురికికి మెల్లగా అలవాటుపడి ఉంటాయి. ఒక్క పూటలో వచ్చే మార్పును అవి తట్టుకోలేవు.

సమస్య: నీరు మార్చిన కొన్ని గంటల్లోనే చేపలు చనిపోతున్నాయి

కారణం చాలాసార్లు పీహెచ్‌లో, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే కొలతలో ఉంటుంది (7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం). చేపల విసర్జనల నుంచి, కుళ్లిన మేత నుంచి వచ్చే అమోనియాను ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ క్రమంలో పీహెచ్‌ను నిలకడగా ఉంచే కార్బొనేట్లు నీటిలో ఖర్చవుతూ ఉంటాయి. నీరు మార్చకపోతే అవి అడుగంటి పీహెచ్ పడిపోతుంది. అది 6 దగ్గరకు దిగేసరికి ఆ బ్యాక్టీరియా పని దాదాపు ఆగిపోయి అమోనియా పోగవుతుంది, అయితే ఆమ్ల గుణం గల నీటిలో అది ఎక్కువ భాగం అమ్మోనియం రూపంలో ఉంటుంది కనుక చేపలకు అంతగా హాని చేయదు. అలాంటి తొట్టెలో పీహెచ్ 7.5 ఉన్న కుళాయి నీరు సగానికి సగం పోస్తే, అమ్మోనియంలో కొంత భాగం విషపూరితమైన అమోనియాగా మారి మొప్పలను దెబ్బతీస్తుంది. ఆవిరైన మేరకు నీరు కలుపుతూ వచ్చిన తొట్టెలో లవణాలు కూడా పేరుకుపోయి ఉంటాయి. అవి ఒక్కసారిగా పలుచబడినా చేప శరీరం తట్టుకోవడం కష్టం.

పరిష్కారం పరీక్షతో మొదలవుతుంది. తొట్టె నీటిలోనూ, పోయబోయే నీటిలోనూ పీహెచ్, అమోనియా, నైట్రైట్, నైట్రేట్ చూడాలి. రెండింటి పీహెచ్‌ల మధ్య తేడా ఎక్కువగా ఉంటే రోజుకు పది శాతానికి మించకుండా నీరు మారుస్తూ, మధ్యమధ్యలో పరీక్షిస్తూ, రెండు మూడు వారాల్లో తొట్టెను దారికి తేవాలి. కొత్త నీరు తొట్టె నీటి ఉష్ణోగ్రతలోనే ఉండాలి, దానికి క్లోరిన్‌ను తొలగించే మందు ముందే కలపాలి. తెరచిన పాత్రలో ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది కానీ కొన్ని చోట్ల కుళాయి నీటిలో దాని బదులు కలిపే క్లోరమైన్ పోదు, కాబట్టి మందు మీద ఆధారపడటమే మేలు.

సమస్య: చేపలు నీటి పైభాగానికి చేరి నోళ్లు తెరుస్తున్నాయి

ప్రాణవాయువు తగ్గి ఉండవచ్చు, లేదా అమోనియా, నైట్రైట్‌ల వల్ల మొప్పలు పనిచేయకపోతూ ఉండవచ్చు. వెంటనే ఎయిర్ పంప్ పెట్టి, మేత ఆపాలి. అమోనియా ఉండి పీహెచ్ 7 పైన ఉంటే ఆ నీరు అప్పటికే విషంగా మారినట్టే. అప్పుడు నిదానం పనికిరాదు. నాలుగో వంతు నీటిని ఆ రోజే మార్చాలి. పీహెచ్ తక్కువగా ఉంటే మాత్రం పైన చెప్పిన నెమ్మది పద్ధతినే పాటించాలి.

సమస్య: గులకరాళ్లను కదిపితే గోధుమరంగు మడ్డి లేస్తోంది, కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది

మడ్డి అంటే మలం, మిగిలిన మేత, రాలిన ఆకులు. గాలి ఆడని అడుగు పొరలో అవి కుళ్లినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, వాసన దానిదే. అడుగునంతా చేత్తో కెలికితే ఆ వాయువు, మడ్డి ఒకేసారి నీటిలో కలుస్తాయి. సైఫన్ గొట్టంతో ఒక విడతకు నాలుగో వంతు అడుగునే, నీరు మార్చే రోజున, పైపొర నుంచి కొద్దికొద్దిగా లాగాలి. గొట్టాన్ని నోటితో పీల్చవద్దు. చేతికి గాయముంటే తొడుగు వేసుకోవాలి, ఎందుకంటే తొట్టె నీటిలోని కొన్ని బ్యాక్టీరియాలు మనిషి చర్మానికీ సోకుతాయి. పని మొదలుపెట్టే ముందు హీటర్‌ను ఆపి చల్లారనివ్వాలి, నీటి బయట వేడిగా ఉన్న హీటర్ గాజు పగిలే ప్రమాదముంది.

సమస్య: ఫిల్టర్ నుంచి నీరు సన్నగా వస్తోంది

స్పాంజి మూసుకుపోయింది. దాన్ని కుళాయి కింద కడిగితే, తొట్టెను కాపాడుతున్న బ్యాక్టీరియా క్లోరిన్‌కు బలవుతుంది. తొట్టె నుంచి తీసిన నీటిలోనే రెండు మూడు సార్లు పిండితే చాలు. స్పాంజి గోధుమరంగులోనే మిగిలినా ఫరవాలేదు. అడుగు శుభ్రం చేసిన వారంలో ఫిల్టర్ జోలికి పోకూడదు. ఫిల్టర్ రోజుల తరబడి ఆగిపోయి ఉంటే, లోపల కుళ్లిన నీటిని పారబోసి, స్పాంజిని తొట్టె నీటితో కడిగాకే నడపాలి.

సమస్య: అద్దాలపై పాచి, అంచున తెల్లని చార

పాచికి అధిక నైట్రేట్, ఫాస్ఫేట్, ఎక్కువసేపు వెలిగే దీపం కారణాలు. స్పాంజితో తుడిచి, దీపాన్ని రోజుకు 6 నుంచి 8 గంటలకు పరిమితం చేయాలి. తెల్లని చార ఆవిరైన నీరు మిగిల్చిన సున్నం. నీటిమట్టం కొంత తగ్గించి, వెనిగర్‌తో కొద్దిగా తడిపిన గుడ్డను చుక్క కారకుండా రుద్ది, తడిగుడ్డతో తుడవాలి. సబ్బు, డిటర్జెంట్ మాత్రం తొట్టెకు, గొట్టానికి, బకెట్‌కు ఎప్పుడూ తగలనివ్వకూడదు.