చంకల్లో చెమట ఆగడం లేదా? ఇలా చేసి చూడండి

మే నెలలో అమీర్‌పేట మెట్రో మెట్లెక్కితే ఎవరి చొక్కా అయినా తడుస్తుంది. అది ఎండ సంగతి. డిసెంబరు చలిలో, ఆఫీసు ఏసీ కింద కూర్చున్నా రెండు చంకలూ తడిసిపోతుంటే మాత్రం దాని సంగతి చూడాల్సిందే. ఇది చాలామందికి పాతికేళ్లలోపే మొదలవుతుంది, ఇంట్లో ఇంకొకరికీ ఉంటుంది, నిద్రలో తగ్గిపోతుంది. అలా కాకుండా ఉన్నట్టుండి మొదలైనా, రాత్రి దుప్పటి తడిసేంత పట్టినా, జ్వరం, బరువు తగ్గడం, గుండె దడ తోడైనా కింది చిట్కాలు పక్కనపెట్టి ముందు డాక్టర్ దగ్గరికెళ్లండి. టీబీ, థైరాయిడ్ లాంటివి ఉన్నాయేమో చూస్తారు.

ముందు మీ దగ్గరున్న డబ్బా మీద ఏం రాసుందో చదవండి. డియోడరెంట్ వాసన సంగతే చూస్తుంది, చెమటను ఆపదు. ఆపేది యాంటీపర్‌స్పిరెంట్. అందులోని అల్యూమినియం లవణం చెమట నాళాల్లో బిరడాలా అడ్డుపడుతుంది. మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దే పటిక కూడా అల్యూమినియం లవణమే. కాకపోతే ఇంత చెమటకు దాన్ని నమ్ముకోలేం.

అసలు కిటుకంతా పూసే వేళలో ఉంది. పొద్దున స్నానం చేసి, సగం తడి ఒంటికి పూసుకుని బస్సెక్కితే మందు చెమటలోనే కొట్టుకుపోతుంది. తర్వాత 'ఇది పనిచేయదు' అని డబ్బా పక్కన పడేస్తాం. రాత్రి పడుకునే ముందు పూయండి. అప్పుడు చెమట తక్కువ, మందు నాళాల్లో కుదురుకోవడానికి టైం దొరుకుతుంది. చంకలు పొడి బట్టతో తుడిచి, ఫ్యాన్ కింద బాగా ఆరాక పలచగా రాసి, పొద్దున కడిగేయండి. తడి మీద రాస్తే ఆమ్లం పుట్టి మంటెత్తుతుంది. షేవ్ చేసిన రోజు అసలు వద్దు.

మామూలు రకానికి లొంగకపోతే అల్యూమినియం క్లోరైడ్ 20 శాతం దాకా ఉన్న లోషన్లు ఉన్నాయి. చెమట తగ్గేదాకా రోజూ రాత్రి, తగ్గాక వారానికి ఒకటి రెండుసార్లు చాలు. దురద, ఎరుపు వస్తే నాలుగు రోజులు ఆపండి.

బట్టల విషయానికొస్తే, లేత నీలం, బూడిద రంగు చొక్కాలు గుట్టు రట్టు చేస్తాయి. తెలుపు, ముదురు నీలం దాస్తాయి. లోపల చేతులున్న కాటన్ బనియన్ వేయండి. చేతుల్లేనిది చంక దగ్గర ఎందుకూ పనికిరాదు.

నెలరోజులు ఇలా చేసినా తగ్గకపోతే చర్మవ్యాధుల డాక్టర్‌ను కలవండి. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లోనూ ఆ విభాగాలున్నాయి. గ్లైకోపైరోలేట్ మాత్రలు ఇవ్వచ్చు, వాటితో నోరెండిపోతుంది. బొటాక్స్ సూదులు చెమట గ్రంథికి వెళ్లే నరం సంకేతాన్ని అడ్డుకుంటాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చంకల చెమటకు వీటిని 2004లో ఆమోదించింది. ఫలితం కొన్ని నెలలే, మళ్లీ వేయించుకోవాలి, ఖర్చూ ఎక్కువే. నరం కత్తిరించే ఆపరేషన్ అన్నిటికన్నా ఆఖరిది. చంకల్లో ఆగిన చెమట వీపు మీదా పొట్ట మీదా ఎక్కువవడం అందులో తరచూ జరిగేదే. ఒప్పుకునే ముందు ఆ మాట డాక్టర్‌ను గుచ్చి గుచ్చి అడగండి.