అటక ఖాళీ చేశాం ఇలా

మా అటక మీదికి సామాను ఎక్కడమే గానీ దిగడం లేదు. భోగికి ముందు అన్నీ దించి హాల్లో పరిచాం. ఏది ఉంచాలా అని కాకుండా, ఏది ఎవరికి పనికొస్తుందా అని చూడటంతో పని చకచకా సాగింది.

కుక్కరుకు కొత్త గ్యాస్కెట్, విజిల్ వేయించి, ఓసారి పప్పు ఉడికించి చూశాకే మా ఇంట్లో పనిచేసే అక్కకు ఇచ్చాం. దుప్పట్లు ఉతికి ఎండేశాం, చొక్కాలకు ఊడిన గుండీలు కుట్టాం. చిరిగినవి ఎవరికీ ఇవ్వకూడదు, అవి మసిగుడ్డలే. ఇంటర్ పుస్తకాలు సబ్జెక్టులవారీగా కట్టి, కాలేజీలు తెరిచేలోపే అందేలా పక్కింటి అమ్మాయికి ఇచ్చేశాం.

మిగిలిన బట్టలు, చెప్పులు మున్సిపాలిటీ ఆర్‌ఆర్‌ఆర్ (రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్) కేంద్రంలో, అంటే పాత వస్తువులు తీసుకుని మళ్లీ వాడకానికి పంపే చోట ఇచ్చాం. 2023లో కేంద్ర ప్రభుత్వ పిలుపుతో పట్టణాల్లో ఇలాంటివి తెరిచారు. పాత వైర్లు, ఛార్జర్లు మాత్రం ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వండి. రాగి కోసం వైర్లు కాలిస్తే వచ్చేది విషపు పొగ. భోగిమంటలో ప్లాస్టిక్, రెక్సిన్ వేసినా అంతే. మేం విరిగిన చెక్క స్టూలు, పిడకలే వేశాం.

అత్తయ్య పట్టుచీరల పెట్టె జోలికి పోలేదు. అవి ఎవరికివ్వాలో ఆవిడే చెప్పాలి.