గ్రౌల్ చేస్తే గొంతు పోతోందా? ముందు మీ చెయ్యి ఎక్కడుందో చూడండి

"అన్నా, జామ్‌కి పోయి వచ్చిన్నంటే తెల్లారి మాటే వస్తలేదు."

సైనిక్‌పురి నుంచి కావచ్చు, నిజాంపేట నుంచి కావచ్చు, గ్రౌల్ (మెటల్ పాటల్లో వినిపించే ఆ గరగర గొంతు) కోసం నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో సగం మంది ఈ మాటతోనే మొదలుపెడతారు. జామ్ అంటే బ్యాండ్‌తో కలిసి చేసే ప్రాక్టీస్. జేబులో గొంతు బిళ్లలు, బ్యాగులో తేనె సీసా, ఫోన్‌లో డబ్బు కట్టి సగంలో వదిలేసిన ఆన్‌లైన్ కోర్సు. ఇంట్లోనే చేసుకోగల ఒక చిన్న పరీక్ష మాత్రం ఒక్కరూ చేసి ఉండరు. వార్మప్, నీళ్లు, పొట్టతో ఊపిరి పట్టడం మీకు వచ్చనుకునే ఇది రాస్తున్నా.

ముందు ఆ పరీక్ష

ఇంట్లో మైక్ లేకుండా మీ పాటనే పది నిమిషాలు గ్రౌల్ చేయండి. మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి, మీకు అందే పై షడ్జాన్ని నోరు మూసుకుని దోమ మోతలా హమ్ చేయండి. ఎంత వీలైతే అంత మెల్లగా. గట్టిగా తోస్తే వాచిన తంత్రులు కూడా పలుకుతాయి, అప్పుడు పరీక్షకి అర్థం లేదు. ముందు పలికిన స్వరం తర్వాత పలక్కపోయినా, ఉత్త గాలే వచ్చినా స్వరతంత్రులు వాచినట్టే.

ఇంట్లోనే పోతే తప్పు మీ టెక్నిక్‌లో ఉంది. ఇంట్లో బాగుండి, బ్యాండ్‌తో చేస్తేనే పోతుంటే టెక్నిక్‌ని ఆడిపోసుకోకండి, కింద పెద్ద భాగం మీ కోసమే.

ఇంట్లోనే నొప్పి వస్తోంది

మీరు గ్రౌల్ చేయట్లేదు, అరుస్తున్నారు. క్రికెట్ మ్యాచ్‌లో అరిచేది అసలు స్వరతంత్రులతో. గ్రౌల్‌లో గరగర ఎక్కువగా వాటి పైన ఉండే ఇంకో జత మడతల నుంచి వస్తుంది, ఫాల్స్ కార్డ్స్ అంటాం. గ్యాస్ బండ ఎత్తేటప్పుడు గొంతులో దానంతటదే బిగుసుకునేది ఉంటుంది చూడండి, అందులో అవీ ఉంటాయి. ఆ బిగువులో పదో వంతు ఉంచి, బరువుగా నిట్టూర్చండి. గరగరమని ఒక చిన్న శబ్దం వస్తుంది. చిన్నదే రావాలి. పక్క గదిలో సీరియల్ చూస్తున్న అమ్మకి వినపడేంత పెద్దగా వస్తే మళ్లీ అరుపులోకి జారినట్టే.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇక్కడ సగం లాభం, సగం నష్టం. ఊపిరి మీద పట్టు, పొద్దున్నే కూర్చుని సాధకం చేసే ఓపిక వాళ్లకి ముందే ఉంటాయి. కానీ ఏళ్ల తరబడి శ్రుతిలో నిలవడం నేర్చుకున్న గొంతు, స్వరం చెదిరిపోతుంటే చెదరనివ్వదు, సరిదిద్దాలని చూస్తుంది. పద్యనాటకం పాడేవాళ్లది ఇంకో దారి, ఆఖరి వరస దాకా రాగం విసరడమే వాళ్ల పని. గ్రౌల్‌కి ఆ విసురుడు పనికిరాదు. స్వరం మీద పెట్టే శ్రద్ధంతా ఇక్కడ ఊపిరి మీదికి, నాలుక పెట్టే తీరు మీదికి, హల్లులు తాళంలో పడటం మీదికి పోతుంది. తేలిక పనేం కాదు, శ్రమ పడే చోటు మారిందంతే. ఇవే మడతలతో స్వరం తప్పకుండా పాడేవాళ్లూ ఉన్నారు. రష్యాలోని తువా ప్రాంతంలో కర్గిరా అనే గొంతు పాట పాడేవాళ్లు అసలు స్వరానికి సరిగ్గా ఒక స్థాయి కింద ఇంకో స్వరం పలికిస్తారు.

ఇంట్లో బాగానే ఉంది, జామ్ రూమ్‌లో పోతోంది

నేను దెబ్బతిన్నది ఇక్కడే. చాలా ఏళ్ల కిందట హైటెక్ సిటీ వైపు ఒక పబ్‌లో షో. మూడో పాటకి నా గొంతు నాకే వినపడలేదు, అయిదో పాటకి నొప్పి మొదలైంది, తర్వాత పది రోజులు ఇంట్లో సైగలతోనే బతికాను. టెక్నిక్ పాడైందనుకుని నాలుగు నెలలు మొదటి నుంచి అన్నీ మార్చుకుంటూ వచ్చాను. తర్వాత ఎవరో తీసిన వీడియో చూస్తే అసలు సంగతి తెలిసింది: పాటంతా నా అరచెయ్యి మైక్ జాలీని (తల మీదుండే ఇనుప వలని) మూసేసి ఉంది.

ఎందుకలా పట్టుకున్నానంటే, వీడియోల్లో అందరూ అలాగే పట్టుకుంటారు కాబట్టి. చూడ్డానికి బాగుంటుంది. ఒక్కడే ఉన్నప్పుడు గొంతు బరువుగా కూడా వినిపిస్తుంది. అక్కడే మోసపోతాం.

1966 నుంచి వస్తున్న షూర్ ఎస్ఎమ్58 మైక్‌ని తీసుకోండి, మన జామ్ రూముల్లో ఎక్కువగా కనిపించేవి అదీ, దాని నకళ్లే. అది ముందు నుంచి వచ్చేది బాగా పట్టి, తోక వైపు, అంటే వైరు తగిలించే వైపు నుంచి వచ్చేదాన్ని కొట్టేస్తుంది. అలా కొట్టేయాలంటే జాలీ వెనక భాగం నుంచి కూడా లోపలికి గాలి ఆడాలి. అది అరచేత్తో మూస్తే మైక్ అన్ని వైపులా వినడం మొదలుపెడుతుంది, మీ గొంతు మీకు వినిపించడానికి కాళ్ల దగ్గర పెట్టే స్పీకర్‌ని, అంటే మానిటర్‌ని కూడా. వెంటనే కూ... అని ఈల. సౌండ్ చూసే ఆయన ఏం చేస్తాడు? మీ వోకల్స్ తగ్గిస్తాడు. ఆయన తప్పేం లేదు. డ్రమ్స్ మాత్రం తగ్గవు. మీ గొంతు మీకు వినపడక ఇంకా తోస్తారు. చుట్టూ మోత పెరిగితే మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడని 1911లోనే లొంబార్డ్ అనే ఫ్రెంచ్ వైద్యుడు చెప్పాడు, ఎంత అనుభవమున్నా దాన్నుంచి పూర్తిగా తప్పించుకోలేం. ఇంతసేపూ మనం గొంతుకి మందు వేస్తుంటాం.

నమ్మకం లేకపోతే మానిటర్ ఈల వేయడానికి కాస్త ముందు దాకా పెంచండి. మైక్ పిడి దగ్గర పట్టుకుని "ఆ" అంటూ, రెండో చెయ్యిని మెల్లగా జాలీ మీదికి తీసుకురండి. చెయ్యి ఆనేలోపే ఈల మొదలవుతుంది. చెయ్యి తీస్తే ఆగిపోతుంది. ఇది చూపించాక ఎవరూ నాతో వాదించలేదు.

సరిచేయడానికి పైసా ఖర్చు లేదు. జాలీ కింద, పిడి మొదలయ్యే చోట ఇన్సులేషన్ టేప్ రెండు చుట్లు చుట్టండి. బొటనవేలికి ఆ గరుకు తగిలితే చెయ్యి పైకి పాకుతోందని పాట మధ్యలోనే తెలుస్తుంది. మానిటర్ సరిగ్గా మైక్ తోక వైపు ఉండాలి. బీటా 58ఎ లాంటి సూపర్‌కార్డియాయిడ్ (ముందు వైపు ఇంకా ఇరుకుగా వినే రకం) మైక్ అయితే తోక వెనక కాదు, కాస్త పక్కకి, ముందు నుంచి 120 డిగ్రీల దగ్గర. పాటలో గ్యాప్ వచ్చినప్పుడు మైక్ తల మానిటర్ వైపు వాల్చకండి, హెడ్‌బ్యాంగింగ్‌లో, అంటే తాళానికి తల ఊపేటప్పుడు, అందరం చేసే పని ఇది. ఇంత చేసినా వినపడకపోతే ఒక చెవిలో ఫోమ్ ఇయర్‌ప్లగ్ పెట్టుకోండి. ఎముకల గుండా మీ గొంతు మీకు చేరుతుంది. గిటార్ యాంప్ తగ్గించమని అడగండి. తగ్గించరు, అయినా అడగండి.

వారం ఇలా చేసి, జామ్ తర్వాత పై షడ్జం హమ్ చేసి చూడండి. పలికితే ఇక టెక్నిక్ వీడియోలు కట్టేయొచ్చు.

మిగతావి

లైన్ మధ్యలో ఊపిరి అయిపోతోందా? మొదటి మాటకే అంతా ఖర్చు పెడుతున్నారు, రాసుకున్న మాటలు తగ్గించండి. మాటలు ముద్దగా వినిపిస్తున్నాయా? మళ్లీ చెయ్యి చూడండి, ఆ తర్వాత నాలుక. దగ్గు, పొద్దున పుల్లటి త్రేన్పు ఉంటే అది అర్ధరాత్రి బిర్యానీ మహిమ, తిన్న వెంటనే పడుకోకండి. నిమ్మరసం, మిరియాల పాలు నోటికి బాగుంటాయి, వాపుని తగ్గించవు.

అన్నీ మానేసి గొంతుకి విశ్రాంతి ఇచ్చినా రెండు మూడు వారాల్లో బొంగురు పోకపోతే కెమెరా పెట్టి స్వరతంత్రులు చూసే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వారానికి ఎన్ని గంటలు చేస్తారో చెప్పండి, ఫోన్‌లో రికార్డింగ్ వినిపించండి. పాటలు పాడతానని మాత్రమే చెప్తే ఆయన మనసులో మెదిలే పాట వేరే ఉంటుంది.