ఆఫ్‌సీజన్‌లో పాత నొప్పిని కదపకుండా బలం పెంచుకోవాలంటే

పవర్‌లిఫ్టింగ్ (స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్‌లో ఎక్కువ బరువెత్తే పోటీ) చేసేవాళ్లకి ఒక చిన్న చిట్కా. ప్రతిసారీ అదే భుజమో అదే నడుమో పట్టేస్తుంటే ముందు మీ ట్రైనింగ్ లాగ్ తీసి నొప్పి మొదలవడానికి ముందు రెండు మూడు వారాలు ఏం చేశారో చూడండి, చాలాసార్లు అక్కడ బరువో సెట్ల సంఖ్యో ఒక్కసారిగా పెంచేసి ఉంటారు. కండ బలం తొందరగానే వస్తుంది కానీ టెండన్లు (కండని ఎముకకి కలిపే పట్టీలు) అంత స్పీడ్‌గా అలవాటు పడవు, తంటా అంతా అక్కడే.

మీట్ (పోటీ) అయిపోయాక వచ్చే ఆఫ్‌సీజన్‌లో మిమ్మల్ని ఇబ్బంది పెట్టే లిఫ్ట్‌ని పూర్తిగా మానేయకుండా దాని చుట్టం లాంటిదాన్ని పెట్టుకోండి. లో బార్ స్క్వాట్‌తో (బార్‌ని వీపు మీద కాస్త కిందకి పెట్టుకునేది) భుజం, మోచేయి నొప్పెడుతుంటే హై బార్ (బార్‌ని మెడ కింద పైకి పెట్టుకునేది) గానీ సేఫ్టీ బార్ (ముందుకి పట్టుకునే హ్యాండిల్స్ ఉన్న బార్) గానీ, బెంచ్‌లో బార్ కిందకి దించినప్పుడు భుజం గుచ్చుతుంటే ఫ్లోర్ ప్రెస్ (నేల మీద పడుకుని చేసేది), డెడ్‌లిఫ్ట్‌కి నడుం ఒప్పుకోకపోతే బ్లాక్ పుల్స్ (బార్‌ని దిమ్మెల మీద ఎత్తులో పెట్టి లాగడం). సెట్‌కి రెప్స్ (ఎత్తి దించడం) 6 నుంచి 10, ఇంకో 3 రెప్స్ చేయగలం అనిపించగానే బార్ పెట్టేయండి (ఇగో ఉన్నోళ్లకి ఇదే కష్టం లెండి).

నొప్పి 10కి 3 లోపు ఉండి, మర్నాడు పొద్దునకి పెరగకపోతే పర్లేదు, కంటిన్యూ చేయొచ్చు. పెరిగితే ముందు బరువు తగ్గించండి, అప్పటికీ తగ్గకపోతే రేంజ్ (బార్ కదిలే దూరం) తగ్గించండి. తిమ్మిరి, వాపు, కాల్లోకి లాగడం ఉంటే మాత్రం ప్రయోగాలు చేయకుండా ఫిజియో దగ్గరికెళ్లండి.

మీట్‌కి ఓ 10 వారాల ముందు నుంచి అసలు లిఫ్ట్‌లకి మెల్లగా తిరిగొస్తే చాలు, మొదటి వారంలోనే పాత మ్యాక్స్ ట్రై చేయకండి.